పసుపు పొట్లాల్లో ఒక కౌంటీ

పబేడాన్, రంగూన్
1989 జనవరి 22

చిరంజీవి హేమమాలినికి,

దొరికింది తల్లీ, నీ అమెరికా పుస్తకం దొరికింది, దీవెనలు కింద రాస్తాను, ముందు ఈ మాట చదువుకో.

ఇప్పుడు నువ్వు ఉత్తరం పట్టుకుని మీ పెద్దమ్మ మొహం వంక చూస్తూ ఉంటావు. పోయిందని ఎవరన్నారు, దొరకడమేమిటి, నాన్న కాల్చేశానని రాశాడు కదా అని. అవును, రాశాను. సెప్టెంబరులో మిలిటరీవాళ్ళు మళ్ళీ కాల్పులు మొదలుపెట్టాక నిన్ను మౌల్మేన్ పంపించేటప్పుడు, రైలు కిటికీలోంచి నువ్వు చెప్పింది ఒక్కటే మాట: "నాన్నా, ఆ పుస్తకం పొయ్యిలో పెట్టీ." సరేనన్నాను. పెట్టలేకపోయాను. నాలుగో తరగతి చదివి బడి మానేసినవాణ్ణి. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాను. నిప్పెలా పెట్టను చెప్పు.

అందులోనూ ఆ పుస్తకం. యూనివర్సిటీ నుంచి వచ్చి నువ్వు ధనియాల బస్తా మీద కూర్చునేదానివి. నేను పొట్లాలు కడుతుంటే ఒక్కొక్క పేజీ తెలుగులో చెప్పేదానివి. మేపుల్ ఫోర్క్ కౌంటీ. కౌంటీ అంటే మన తాలూకా లాంటిదని నువ్వే చెప్పావు. మన దేశం పటం గీయాలంటే మిలిటరీ వాళ్ళ అనుమతి కావాలట, అందుకని మీ టీచరమ్మ తన దగ్గరున్న పాత పుస్తకం ఇచ్చి, ఎవరూ అడ్డుపెట్టని ఊరి మీద ఎం.ఏ. పరీక్షకి వ్యాసం రాయమన్నారట. చూడని ఊరి మీద ఏం రాస్తావు అని మొదట్లో నవ్వాను. తరవాత నాకే పొద్దు గడిచేది కాదు అది వినకపోతే.

మైలుకో రోడ్డు, గళ్ళ లుంగీ పరిచినట్టు, మధ్యలో గోధుమ చేలు. రైలు రెండు మైళ్ళ అవతల నుంచి పోయిందని ఇళ్ళ కింద దుంగలు పెట్టి ఎడ్లు కట్టి ఊరంతా రైలు దగ్గరికి లాక్కుపోయినవాళ్ళు. కోర్టు మా ఊళ్ళో ఉండాలంటే మా ఊళ్ళో ఉండాలని రెండూళ్ళవాళ్ళు కొట్టుకుని, కోర్టు కాగితాలు ఎత్తుకొచ్చి గడ్డివాములో దాచినవాళ్ళు. మొగుడు పోయాక ఏటి మీద పడవ నడిపి పిల్లల్ని పెంచిన హారియట్ అనే ఆవిడ. మంచు తుఫానులో బడిపిల్లల్ని ఒకే తాడుకి కట్టి ఇళ్ళకి చేర్చిన పంతులమ్మ. ఆ ఏటి ఒడ్డున అందరికన్నా ముందునుంచీ ఉన్నవాళ్ళ మీద మాత్రం అర పేజీ, ఒక ఫొటో. "తరవాత వాళ్ళు వెళ్ళిపోయారు" అని ఒక్క ముక్క. అది నువ్వు చదివినప్పుడు మనవాళ్ళు అరవై నాలుగులో బర్మా వదిలి ఇండియాకి ఓడలెక్కడం గుర్తొచ్చి నా చెయ్యి ఆగిపోయేది. ఇంతమందిని పొయ్యిలో పెట్టమంటే ఎలా పెడతాను తల్లీ.

అందుకని కుట్టు విప్పి, కాగితాలు విడదీసి, అటక మీద పాత పేపర్ల కట్ట మధ్యలో దూర్చేశాను. కాగితాన్ని కాగితాల్లో దాస్తే ఎవడు కనిపెడతాడని నా తెలివి. అట్ట బియ్యం డబ్బా అడుగున పెట్టాను. మీ అమ్మకి చెప్పలేదు, భయపడుతుందని. ఆ గొడవల్లోనే పరిగెత్తబోయి పడితే నా కళ్ళజోడు ముక్కలైందని నీకు రాశాను కదా. అక్టోబరులో కొట్లు తెరిచారు. పొట్లాలకి కాగితం దొరకడం లేదు. మీ అమ్మ అటకెక్కి కట్ట దించి, నాకు తెలియకుండా సుబ్బరంగా పొట్లాలు చేసి పెట్టింది. కళ్ళు కనపడనివాణ్ణి, వాటిలో పసుపూ జీలకర్రా పోసి నా చేత్తో నేనే అమ్మాను. కొత్త కళ్ళజోడు వచ్చిన రోజు చూస్తే కట్ట అయిపోయింది. మీ అమ్మని అడిగితే ఏమందో విను.

"కాయితాల కట్టలోంచి కాయితాలు తీసేను. పుస్తకమని నాకు కల వచ్చీదేటి?"

ఆవిడ తప్పు లేదు. అప్పటినుంచి నీకు ప్రతి ఉత్తరంలో కాల్చేశాను, కాల్చేశాను అని రాస్తూ వచ్చాను. నిజంగా కాల్చినా ఇంత పాపిష్టిగా ఉండేది కాదు.

ఇప్పుడు విను. మొన్న ఆదివారం పడవెక్కి దలా వెళ్ళాను, కన్నయ్య మనవడి బారసాలకి. వచ్చేటప్పుడు దాహమేసి ఒక వెదురు తడిక ఇంటి ముందు ఆగితే, ఇంటావిడ లోపలికి రమ్మంది. చూస్తే మన కొట్టుకి వచ్చే దో ఓన్, నప్పి చేపముద్ద అమ్ముకునే పెద్దావిడ. మంచినీళ్ళ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని తల ఎత్తాను. గోడ మీద హారియట్. పక్కన కోర్టు. దాని పక్కన ఇళ్ళని లాగుతున్న ఎడ్లు. తడికకి ఈ మూల నుంచి ఆ మూల దాకా మేపుల్ ఫోర్క్ కౌంటీ అతికించి ఉంది. పంతులమ్మ మాత్రం లేదు, ఆవిడది బొమ్మ లేని పల్చటి కాగితం, ఎవరింటికో జీలకర్రతో వెళ్ళిపోయి ఉంటుంది. మిగతావాళ్ళంతా ఉన్నారు. గ్లాసు కింద పెట్టి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించాను.

ఇది మా అమ్మాయి పుస్తకమమ్మా అంటే ఆవిడ సంతోషించలేదు. వచ్చి గోడకి అడ్డంగా నిలబడింది. "ఉట్టి కాగితాలు, ఊ నారాయణ. నీ కొట్లోవే. గాలి రాకుండా అతికించుకున్నాను" అంది, మనం గారు అన్నట్టు నా పేరుకి ఆ ఊ తగిలిస్తూనే. ఒక్కటి ఊడదీసి చూడనిమ్మంటే చెయ్యి వెయ్యనివ్వలేదు. పేదవాళ్ళు, గోడ పాడవుతుందని కాబోలు. పాపం అక్టోబరంతా పసుపుకి ఆవిడే మన పెద్ద గిరాకీ. రోజు విడిచి రోజు వచ్చేది. దళసరి కాగితం పొట్లమే ఇయ్యి, పల్చటిది పడవలో చిరిగిపోతుంది అనేది. ఇంత పసుపు ఏం చేసుకుంటావమ్మా అంటే నవ్వేది.

ఆవిణ్ణి మెల్లిగా ఒప్పించి, ఇంకో కాగితం ఇచ్చి, మొత్తం ఊడదీసి మళ్ళీ కుట్టించే పూచీ నాది. యూనివర్సిటీ ఎప్పటికైనా తెరుస్తారు కదా. ఎవరు కనపడితే వాళ్ళకి చెప్పేస్తున్నాను, నోరు ఆగడం లేదు. లమ్మడా నుంచి కొవ్వొత్తులకి వచ్చే దో తేన్‌కి కూడా చెప్పాను. వాళ్ళబ్బాయి నీతో చదివిన టిన్ మాంగ్, సెప్టెంబరు నుంచి ఇంటికి రాలేదట. "మావాడు కూడా ఆ పుస్తకం చూసేవాడు. వాడి చేతిరాత ఎక్కడైనా ఉందా?" అని అడిగింది. ఏమీ లేదమ్మా, అంతా అచ్చే, చేత్తో గీసిన గీత ఒక్కటీ లేదు అన్నాను.

నీకు వెయ్యేళ్ళు. పెద్దమ్మకీ పెదనాన్నకీ మా నమస్కారాలు.

దీవెనలతో
నాన్న


మౌల్మేన్
1989 ఫిబ్రవరి 2

నాన్నకి,

ఉత్తరం అందింది. రైల్లో టీ అమ్మే దండాసి చేతికే ఇచ్చావు, అదొక్కటీ మంచిపని. పోస్టులో వేసేవి విప్పి చదువుతున్నారు. ఇది కూడా అతని చేతికే ఇస్తున్నాను. చదివాక ఉంచకు.

నేను సంతోషిస్తానని రాశావు. ఉత్తరం చదివి పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. పెద్దమ్మ ఏటయిందే అని మూడుసార్లు వచ్చి అడిగింది.

కాల్చమన్నది పుస్తకం కోసం కాదు. పటాల వెనక వైపు కోసం.

ఆ పుస్తకంలో బొమ్మలూ పటాలూ ఉన్న కాగితాలు దళసరివి. వెనక ఖాళీ. ఇక్కడ గీసుకోవడానికి మంచి కాగితం ఎక్కడ దొరుకుతుంది? వాళ్ళు ఆవులు నీళ్ళు తాగే గుంట కూడా వదలకుండా పటంలో పెట్టుకున్నారు, ఏరు దాటితే ఉన్న మన దలాకి పటమే లేదు అని అనుకునేవాళ్ళం. అందుకని పోయిన ఏడాది ఎండాకాలమంతా దలా నడిచి నడిచి పెన్సిలుతో గీశాం. సందులు, చెరువులు, బావులు, పడవలు ఆగే చోట్లు. ఉబలాటం కొద్దీ గీసింది. ఆగస్టులో అది వేరే పనికి వచ్చింది. ఊరేగింపుల్లో తుపాకీ దెబ్బలు తగిలిన పిల్లల్ని ఆస్పత్రికి తీసుకెళ్తే పట్టుకుంటున్నారని పడవల మీద దలా చేర్చారు. ఎవరైతే మా ఇంటికి తీసుకురండి అన్నారో ఆ ఇళ్ళ మీద చిన్న సున్నాలు చుట్టాం.

ఇప్పుడు అర్థమైందా? ఆ సున్నాలు ఎవరి చేతిలోనైనా పడితే ఆ ఇళ్ళు ఒక్కటి మిగలదు. నువ్వు వాటిలో పసుపు పోసి ఊరంతా పంచావు. ఇప్పుడు అవి దలాలోనే ఒక గోడ మీద ఉన్నాయని ఊరంతా చెబుతున్నావు.

ఎవరెవరితో చెప్పావు? ఒక్కొక్క పేరూ రాయి. దలా వెళ్ళు. ఆ కాగితాల వెనక చూడు. ఆవిడ ఏమడిగితే అది ఇచ్చి తీసుకుని అక్కడే కాల్చు. ఇంటికి తేవద్దు. ఈసారి కాల్చానని రాసేముందు నిజంగా కాల్చు.

అమ్మని నేను అడిగానని చెప్పు.

మాలిని


పబేడాన్, రంగూన్
1989 ఫిబ్రవరి 9

తల్లీ,

మధ్యాహ్నమే కొట్టు మూసేశాను. మీ అమ్మ జ్వరమా అని నుదురు పట్టుకు చూసింది.

నువ్వు అడిగిన పేర్లు రాస్తాను. పైడితల్లి అత్తకి చెప్పాను. ఆవిడకి చెవుడు, గట్టిగా అరిచి చెప్పాను, వీధిలోకి కూడా వినపడి ఉంటుంది. ఎదురింటి సూర్యావతికి చెప్పాను. పెగూ నుంచి సరుకుకి వచ్చిన చంద్రరావు బావకి చెప్పాను. కన్నయ్యకి చెప్పాను. గుడి కమిటీ జగదీశ్వరరావు గారికి చెబితే, ఆయన శనివారం భజన అయ్యాక అందరి ముందూ "మన నారాయణ గారమ్మాయి పుస్తకం దలాలో దొరికిందండోయ్" అని చెప్పి నా చేత బెల్లం పంచిపెట్టించారు. అందరూ తిన్నారు.

దలా వెళ్ళలేదు. వెళ్ళాను, వెళ్ళలేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు రేవుకి పోయాను. పడవ దగ్గర సిపాయిలు సంచులు వెతుకుతున్నారు. నా సంచిలో అగ్గిపెట్టె తప్ప ఏమీ లేదు. అయినా టికెట్టు చేతిలోనే నలిపేసి వెనక్కి తిరిగొచ్చేశాను. ఇరవై ఏళ్ళ పిల్లలు ఆ ఏరు దెబ్బలు తగిలినవాళ్ళతో దాటారు. నేను అగ్గిపెట్టెతో దాటలేకపోయాను. ఈ సంగతి మీ అమ్మకి తెలియదు.

ఆగస్టులో నువ్వు లైబ్రరీకని వెళ్ళి ఇంటికి బురద కాళ్ళతో వచ్చేదానివి. లైబ్రరీలో బురదేమిటని నేను అడగలేదు. అడిగితే నువ్వు చెబుతావేమోనని అడగలేదు. ఇవాళ ఒప్పుకుంటున్నాను.

ఒకటి అడుగుతాను, చెప్పు. గీశాం, చుట్టాం అని రాశావు. రెండో చెయ్యి ఎవరిది? ఆ దో తేన్ కొడుకుదేనా? నేను ఆవిడ మొహం మీదే చెప్పాను మాలినీ, పుస్తకంలో ఒక్క గీత లేదని. ఆవిడ కొవ్వొత్తులు తీసుకుని, సరే ఊ నారాయణ అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ధైర్యం కూడదీసుకుని మళ్ళీ రేవుకి వెళ్తాను.

నాన్న


మౌల్మేన్
1989 ఫిబ్రవరి 16

నాన్నకి నమస్కారాలు.

పోయిన ఉత్తరం చాలా కటువుగా రాశాను. అందులో చివరి ముక్కలు మాత్రం పెద్దమ్మకి చెబితే, "నాన్నకి అలాగేటే రాస్తారు, ఆయన పుస్తకం దాచేడు గానీ దొంగసొత్తు దాచేడా" అని కేకలేసింది. ఆవిడకి వెనక వైపు సంగతి తెలియదు.

అవును, టిన్ మాంగ్‌దే. సందులు నావి, చెరువులు అతనివి. అతని గీత తేలిగ్గా గుర్తుపట్టొచ్చు, పెన్సిలు గట్టిగా నొక్కుతాడు, కాగితం అవతలివైపుకి ఉబికి వస్తుంది. ఆ కౌంటీలోలా గళ్ళు గీసి దలాని అందులో కూర్చోబెట్టాలని మొదట చూశాం. ఒక్క సందూ తిన్నగా ఉండదు. "మీ అమెరికావాళ్ళు ముందు గీత గీసి తరవాత ఊరు కట్టుకున్నారు, మావాళ్ళు ఎవరింటికి వాళ్ళు నడిచి దారి చేసుకున్నారు" అని నవ్వేవాడు. అమెరికా నాదైనట్టు. ఏటి ఒడ్డున ముందునుంచీ ఉన్నవాళ్ళ ఫొటో ఒక్కటే ఉంది కదా పుస్తకంలో, ఆ కాగితం వెనక తనే గీస్తానని పట్టుబట్టాడు. రేవు దగ్గరి సందులు, నప్పి అమ్మేవాళ్ళ ఇళ్ళు దాని మీదే ఉన్నాయి.

సెప్టెంబరు పద్దెనిమిది సాయంత్రం పటం నా దగ్గర ఉంచి, మర్నాడు వచ్చి తీసుకుంటానన్నాడు. ఊళ్ళోకి వెళ్ళాడు. అంతే. ఎవరూ చూడలేదు, చూసినవాళ్ళు చెప్పలేదు. నేను ఒక్క రోజు ఆగి ఉంటే వాళ్ళమ్మని కలిసి వచ్చేదాన్ని. రైలు దొరికిందని వచ్చేశాను. ఇక్కడ చేపల పులుసు తింటూ కూర్చున్నాను. నిన్ను అనడానికి నాకేం నోరుంది?

గొడవలు తగ్గాక మన కొట్టుకి వచ్చి నీతో ఒక మాట మాట్లాడతానన్నాడు. నమస్కారం తెలుగులో ఎలా పెట్టాలో నేర్పించుకున్నాడు.

నీకు కారణం చెప్పి ఉంటే నువ్వు కాల్చేవాడివి. నాకు తెలుసు. చెబితే పదిమందికీ చెప్పేస్తావని చెప్పలేదు. నేను కష్టపడి చదివి నేర్చుకున్నది, నాన్నకి అర్థం కాదనుకోవడం. అది నా తప్పు.

ఇప్పుడు కాల్చమని రాయడానికి చెయ్యి రావడం లేదు. అతని చేతిది ఇంకేమీ లేదు ఎవరి దగ్గరా. అయినా ఆ ఇళ్ళలో మనుషులున్నారు. కాల్చు నాన్నా.

మాలిని


పబేడాన్, రంగూన్
1989 ఫిబ్రవరి 26

చిరంజీవి హేమమాలినికి,

ఎవరికీ ఏమీ కాలేదు తల్లీ, ఎవరికీ ఏమీ కాదు, గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకో.

నీ మాట మనసులో పెట్టుకుని, అగ్గిపెట్టె సంచిలో పెట్టుకుని, పడవెక్కాను. సిపాయి సంచి విప్పి చూసి మూసేశాడు, నా మొహం చూడనైనా చూడలేదు. దో ఓన్ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి ఆవిడ బర్మా భాషలో అన్న మాటలు నాకు వచ్చిన తెలుగులో రాస్తున్నాను.

"ఏటి ఊ నారాయణ, ఈసారి పసుపు నువ్వే తెచ్చావేటి?"

"దో ఓన్, ఆ కాగితాల వెనక..." అన్నాను.

"వెనక ఏటుందో తెలీకుండానే గోడకి అతికించానా?" అంది. లోపలికి తీసుకెళ్ళి, తలుపు చేరవేసి, నన్ను కూర్చోబెట్టింది.

"మొదటి పొట్లం ఇంటికి తెచ్చి విప్పితే, పసుపు కింద మా చెరువు. చెరువు పక్కన మా సందు. మా ఇంటి మీద సున్నా. నన్ను పట్టించడానికే ఎవడో ఈ పని చేసేడనుకున్నాను. ఆడి మొహం చూద్దామని మర్నాడు మీ కొట్టుకొచ్చేను. చూస్తే నువ్వు. కళ్ళజోడు లేకుండా, పొట్లం ముక్కుకి ఆనించుకుని, మా పక్కింటావిడ ఇంట్లో పసుపు పోస్తున్నావు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఈడు చెడ్డోడు కాదు, ఈడికి ఏటీ తెలీదు అనుకున్నాను."

"నాకు చెప్పకపోయావా అమ్మా."

"నీకు చెబితే ఊరికి చెప్పడానికి వేరే మనిషి కావాలేటి?"

చూశావా మాలినీ, నువ్వూ అదే అన్నావు. ఇద్దరూ మాట్లాడుకున్నట్టే.

అక్టోబరంతా ఆవిడ అందుకే వచ్చింది. దళసరి పొట్లం కనపడితే కొనుక్కుపోయింది. ఇంటికి తెచ్చి కాగితాలు నేల మీద పక్కపక్కన పరుచుకుని, సందు ఎక్కడ తెగిందో చూసుకుని, తెగిన ముక్క కోసం మళ్ళీ వచ్చేది. ఊరంతా అతుక్కున్న రోజున మానేసింది. అందుకే నవంబరు నుంచి కనపడలేదు. ఏమిటి, మా సరుకు నచ్చలేదా అని నేను ఆ మధ్య దారిలో ఎదురుపడితే దెప్పాను కూడా. నా వల్ల తన తల మీదికి వచ్చిన ముప్పుని నా దగ్గరే రొక్కం పెట్టి కొనుక్కుంది. ఒక్కసారీ తూకంలో చిటికెడు ఎక్కువ వెయ్యలేదు నేను. "ఇంట్లో ఏడేళ్ళకి సరిపడా పసుపుంది, పట్టుకుపోతావా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పెన్సిలు వైపు గోడకి, అమెరికా వైపు మనుషులకి. అలా అతికించింది. జనవరిలో రాత్రి తనిఖీకి వచ్చిన సార్జెంటు టార్చి వేసి చూసి, ఇదేమిటి అని అడిగాడట. "అమెరికా. పసుపుతో వచ్చింది" అందట ఈవిడ. అతను ఎడ్లు లాగుతున్న ఇళ్ళ దగ్గర కాసేపు నిలబడి, ఇళ్ళని ఎందుకు లాగుతున్నారు అన్నాడట. ఏమో బాబూ, అద్దె కట్టలేదేమో అందట. నవ్వి వెళ్ళిపోయాడట.

నేను అగ్గిపెట్టె తీశాను. మా అమ్మాయి కాల్చమంది అన్నాను.

"వెదురిల్లు ఊ నారాయణ, నన్ను కూడా కాలుస్తావేటి" అని అగ్గిపెట్టె లాక్కుని పొయ్యి గట్టు మీద పెట్టేసింది. అప్పుడు గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. పై అంచుకే గంజి రాసింది తల్లీ. కింద అంచు వదిలేసింది. ఆ ఏటి ఒడ్డువాళ్ళ ఫొటో కాగితం కింద నుంచి పైకెత్తి పట్టుకుని చూడమంది.

సున్నాలు లేవు. అరిగిపోయిన రబ్బరు చెప్పు ముక్క కోసి, దాంతో ఒక్కొక్క సున్నా చెరిపేసింది. తన ఇంటి మీదిది ముందు, మిగతావి తరవాత. ఏ ఇంటి మీద ఏముందో ఇప్పుడు ఎవడూ చెప్పలేడు. సందులు ఉన్నాయి. చెరువులు ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే చెరువుల గీత గట్టిగా నొక్కి ఉంది, వేలితో తడిమితే తగులుతుంది. నేను తడిమి చూశాను.

ఇదెందుకు ఉంచావు, ఇదీ చెరిపేయొచ్చు కదా అంటే ఆవిడ అంది. "మా ఇల్లు ఎవరైనా కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. మధ్యమధ్య ఎత్తి చూసుకుంటాను. ఇద్దరు పిల్లలు ఎండలో గొడుగు కూడా లేకుండా ఈ సందులన్నీ నడిచేవారు. ఆ అబ్బాయి మా గుమ్మంలో కూర్చుని నీళ్ళు తాగి, అమ్మా మీ చెరువుకి పేరేమిటి అని అడిగేడు. పేరు లేదు బాబూ అన్నాను. అయితే మీ పేరే పెడతాను అన్నాడు." చూశాను. బర్మా అక్షరాల్లో ఉంది. దో ఓన్ చెరువు.

నువ్వు కాల్చమన్నావు. కాల్చలేదు. ఇది రెండోసారి. ఈసారి దాచడం లేదు, నీకు చెబుతున్నాను. ఇప్పుడు కూడా కాల్చమని రాస్తే మర్నాడే వెళ్ళి, ఆవిడ కాళ్ళు పట్టుకునైనా తెచ్చి ఏటి ఒడ్డున కాలుస్తాను. నీ మాట కోసం చూస్తాను. బియ్యం డబ్బాలోని అట్ట ఆవిడకిచ్చి వచ్చాను.

నేను దాచిన తెలివికి ఊరి మీద ఎంత మోసం వచ్చేదో తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. సంతోషం కూడా పట్టడం లేదు. రెండూ ఒకే గుండెలో ఎలా ఉన్నాయో నాకు తెలియడం లేదు తల్లీ. మీ అమ్మకి అంతా చెప్పేశాను. ఆవిడ, "పిల్ల బురద కాళ్ళు కడుక్కున్నప్పుడల్లా నీళ్ళు నేనే పోసేను, నాకు తెలుసు" అంది. ఇంట్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఇక చెప్పవలసినవాళ్ళు. నేను నోరు జారినవాళ్ళకే ఇప్పుడు తిరగేసి చెప్పాలి. పుస్తకం దొరకలేదు, ముసలాడికి కొత్త కళ్ళజోడు కుదరక వేరేవి చూసి పొరబడ్డాడు, అసలుది సెప్టెంబరులోనే కాలిపోయింది అని.

మీ పెద్దమ్మ సింహాచలమ్మ వదినకీ పెదనాన్నకీ నువ్వు చెప్పు.

పెగూలో చంద్రరావు బావకి దండాసి చేత నోటిమాటగా.

పైడితల్లి అత్తకి నేను, ఇంట్లోకి తీసుకెళ్ళి, తలుపు వేసి.

సూర్యావతికి మీ అమ్మ చెబుతుంది. ఆవిడ నమ్మదు, అయినా చెప్పాలి.

జగదీశ్వరరావు గారికి శనివారం భజనలో అందరి ముందూ. నవ్వనీ. బెల్లం తిరిగివ్వమంటే ఇస్తాను.

కన్నయ్యకి చెప్పేశాను. "సరే మావా" అన్నాడు, ఇంకేమీ అడగలేదు. వాడి ఇంటి మీద కూడా సున్నా ఉండేదేమో, నేనూ అడగలేదు.

లమ్మడాలో దో తేన్‌కి. ఆవిడకి మాత్రం ఈ అబద్ధం కాదు. ఒక్క గీతా లేదని చెప్పిన నోటితోనే, ఉందమ్మా, చెరువులన్నీ మీవాడివే, రండి చూద్దురుగాని అని చెప్పాలి. రేపు ఉదయం వెళ్తున్నాను.

నాన్న